లక్షో చీటీ

ఆయన నన్ను మొదటిసారి "బావా" అని పిలిచినప్పుడు నాకు ఒళ్ళు మండింది. మాది గోదావరి వైపు. మా నాన్నకి పోర్టులో ఉద్యోగం రావడంతో విశాఖపట్నం వచ్చేశాం కానీ, ఇంట్లో మాటా మర్యాదా అన్నీ అక్కడివే. మా వైపు బావ అంటే అక్క మొగుడో, మేనత్త కొడుకో అయి ఉండాలి. ఉద్యోగంలో చేరిన రెండో రోజే, ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి, "ఏటి బావా, కొత్తగా వచ్చేవా? ఆ కుర్సీ ఒగ్గీ, దాని కాలు ఇరిగింది. అలా ఎల్లి బల్ల మీద కూకో," అంటే ఏమనుకోవాలి? మొహం ముడుచుకుని, "పర్లేదండి," అని అందులోనే కూర్చున్నాను. సాయంత్రం లోపే కింద పడ్డాను. ఆయన వచ్చి లేపాడు, ఒక్క మాట కూడా దెప్పలేదు.

తొంభైల మొదట్లో సంగతి ఇది. కాన్వెంట్ జంక్షన్ దాటాక, ఓడల్లోంచి దిగిన బొగ్గునీ ఖనిజాన్నీ లారీల్లో తరలించే ఒక ప్రైవేటు కంపెనీ మాది. ఆవరణ మధ్యలో కాటా ఉండేది. లారీ మొత్తం ఎక్కి నిలబడేంత ఇనుప పలక, దాని పక్కన ఒక కిటికీ ఉన్న చిన్న గది. ఖాళీ లారీని ఒకసారి, నిండు లారీని ఒకసారి తూచి, తేడా వేసి డ్రైవరు చేతికి చీటీ ఇవ్వాలి. ఆ గదిలో గుమాస్తా ఆయన. ఎలమంచిలి దగ్గర పల్లెలో రైతు కుటుంబం. ఇంటరుతో చదువు ఆపేసి, రోజూ పాసింజరు రైల్లో వచ్చి పోయేవాడు. నేను ఆఫీసులో టైపిస్టుని. కంపెనీ ఒక కంప్యూటర్ కొన్నప్పుడు దాన్ని నా బల్ల మీద పెట్టారు. నేను ఉత్తరాలు కొట్టడం నేర్చుకున్నాను, అంతే. మిగతాదంతా నేర్చుకున్నది ఆయన.

అట్ట ఊడిపోయిన లావుపాటి పుస్తకం ఒకటి ఎక్కడో సంపాదించాడు. మధ్యాహ్నం అన్నాల వేళ నా గదికి వచ్చి, మా ఇంటి ముద్దపప్పు ఆయన తిని, ఆయన తెచ్చిన చేపల పులుసు నాకు పెట్టి, చేయి కడుక్కుని కీబోర్డు ముందు కూర్చునేవాడు. దాదాపు ఏడాది పట్టింది. ఏడాది తర్వాత కాటా చీటీల ప్రోగ్రాం తయారైంది. లారీ నంబరూ బరువులూ కొడితే తేడా అదే వేసుకుని, చీటీ అచ్చు వేసి, వరస నంబరు కూడా అదే ఇచ్చేది. మేనేజరు మెచ్చుకుని, కంప్యూటర్‌ని కాటా గదిలోకి మార్పించాడు.

ఆ ప్రోగ్రాం ఎప్పుడు మొండికేసినా నేను కంగారుపడి మీటలన్నీ నొక్కేసేవాణ్ణి. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపేవాడు.

"ఎందుకా కంగారు? అదేటి సెప్తందో ముందు సదువు. అది నీతో మాటాడతంది. నువ్వు ఇనకుండా గుద్దుతన్నావ్."

నిజంగానే మాట్లాడేది. తెలుగు అక్షరాలు ఆ తెర మీద రావు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లోనే తన మాటలు రాసిపెట్టాడు. బరువు మరీ తక్కువ కొడితే, "ఇది లారీయా, సైకిలా? సరిగ్గా సూడు బావా," అని వచ్చేది. ఒకే లారీ నంబరు రెండుసార్లు కొడితే, "ఇప్పుడే కదా ఎల్లింది! రెక్కలొచ్చీసినాయేటి?" అనేది. సాయంత్రం ప్రోగ్రాం మూసేటప్పుడు ఇలా వచ్చేది: "అయిపోనాది. ఇంటికెల్లు. అన్నం సల్లారిపోతాది."

నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. "ఆఫీసు ప్రోగ్రాంలో ఈ వేళాకోళాలేంటండీ? మేనేజరు గారు చూస్తే నన్నూ కలిపి తిడతారు. తీసేయండి," అన్నాను.

"అలగే బావా," అన్నాడు. రెండు రోజుల తర్వాత అడిగితే, "తీసీసేను," అన్నాడు. నేను నమ్మాను.

నేను కూడా ఆయన్ని బావా అనడం ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తులేదు. పెళ్ళయ్యాక ఆయన గోపాలపట్నంలో, మా సందుకి రెండు సందుల అవతల అద్దెకి దిగాడు. ఆయన బావ అయ్యాక ఆయన భార్య నాకు చెల్లెలే కదా. ఆమె కూడా తడుముకోకుండా "అన్నియ్యా" అని పిలిచేది. ఆదివారం పొద్దున్న ఆయన మా వీధి అరుగు మీద కూర్చుని పేపరు చదువుతూంటే, మా వంటింట్లోంచి కాఫీ, వాళ్ళింట్లోంచి ఏదో ఒక పిలుపూ వస్తూండేవి. అలాంటి ఆదివారాలు ఎన్నో గడిచాయి. ఒక్కటి కూడా విడిగా గుర్తులేదు.

రెండు వేల సంవత్సరం దాటాక రెండో వానాకాలంలో ఆయనకి కామెర్లు వచ్చాయి. ఊళ్ళో పసరు పోయిస్తే తగ్గిపోతుందని వెళ్ళాడు. తగ్గలేదు. ఆసుపత్రిలో మూడు వారాలు ఉన్నాడు. నేను రోజూ వెళ్ళేవాణ్ణి. కళ్ళు పసుపు పచ్చగా, చేతులు పుల్లల్లా అయిపోయాయి. ఒకరోజు వెళ్ళేసరికి మంచం ఖాళీగా ఉంది.

చిన్న కూతురితో మిగిలిన ఆయన భార్యకి కంపెనీ వాళ్ళు ఉద్యోగం ఇచ్చారు. ఆమె పదో తరగతి పాసైంది. ఇంకెక్కడా ఖాళీ లేదని, ఆయన కుర్చీలోనే కూర్చోబెట్టారు. కంప్యూటర్ ఎలా వేయాలో, లారీ నంబరు ఎక్కడ కొట్టాలో నేనే నేర్పాను. ఆమె ఎక్కువ మాట్లాడేది కాదు. చెప్పింది చెప్పినట్టు చేసేది. నేర్చుకునే రోజుల్లో ఒక్కోసారి తెర వైపు చూస్తూ ఆగిపోయేది. కీబోర్డు కొత్త కదా అనుకునేవాణ్ణి.

కొన్నేళ్ళకి ఆ పాత కంప్యూటర్ లోపల్నించి గరగర శబ్దం మొదలైంది. బొగ్గు ధూళి దేన్నీ బతకనివ్వదు. కొత్త కంప్యూటర్ వచ్చింది కానీ, బావ ప్రోగ్రాం అందులో నడవలేదు. అప్పటికి నేను కంప్యూటర్ సెక్షన్ చూసేవాణ్ణి. ఎవరో చెప్తే వర్చువల్ మెషిన్ సంగతి తెలుసుకున్నాను. పాత కంప్యూటర్ డిస్కులో ఉన్నదంతా ఒక పెద్ద ఫైలుగా మార్చి కొత్తదాంట్లో పెట్టాలి. అప్పుడు కొత్త తెర మీద ఒక కిటికీ తెరుచుకుంటుంది. ఆ కిటికీ లోపల పాత కంప్యూటరే, తన పాత నల్ల తెరతో సహా లేస్తుంది. బయటి కంప్యూటర్ ఎంత కొత్తదైనా, లోపలిదానికి కాలం కదల్లేదు. సాయంత్రం దాన్ని పూర్తిగా ఆపకుండా, ఉన్నది ఉన్నట్టు నిద్రపుచ్చి, పొద్దున్న అక్కడ్నుంచే లేపవచ్చు. పని తేలికవుతుందని ఆమెకి అలాగే నేర్పాను.

ఏడాదిన్నర బాగానే నడిచింది. ఒక సోమవారం పొద్దున్న నేను ఇంకా సంచీ కింద పెట్టలేదు, ఆమె నా గది గుమ్మంలో నిలబడింది. కొంగు చేత్తో మెలిపెడుతోంది.

"అన్నియ్యా, ఆ కిటికీ తెరుసుకోడం నేదు."

వెళ్ళి చూశాను. ఎన్నిసార్లు నొక్కినా కిటికీ తెరుచుకునేలోపే మూసుకుపోతోంది. బయట లారీలు బారు తీరాయి. చీటీలు చేత్తో రాయమని ఒకరిని కూర్చోబెట్టి, నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. రెండుసార్లు ఆపి వేశాను. మూడోసారి కూడా ఆపబోతూ ఆగాను. అప్పటిదాకా దాన్ని గుద్దడమే తప్ప, అది ఏం చెబుతోందో చదవలేదు.

చదివాను. ఈ ఫైలుని ఇంకెవరో వాడుతున్నారు, అందుకని తెరవలేను అంటోంది.

"శనివారం సాయంత్రం ఏం జరిగిందమ్మా?"

"నిద్దరపుచ్చుతంటే కరెంటు పోనాది. ఆ బేటరీ పెట్టె కూడా కూతెట్టి ఆగిపోనాది. నాను ఏటీ ముట్టుకోనేదు అన్నియ్యా."

అదీ సంగతి. వర్చువల్ మెషిన్ నడుస్తున్నంతసేపూ, నేను వాడుతున్నానని గుర్తుగా చిన్న ఫైలు ఒకటి పెట్టుకుంటుంది. పని అయ్యాక అదే తీసేస్తుంది. కరెంటు పోయేసరికి తీసేవాళ్ళు లేక అది అక్కడే ఉండిపోయింది. వాడేవాళ్ళు ఎవరూ లేరు, వాడుతున్నట్టు గుర్తు మాత్రం ఉంది. దాన్ని తీసేశాను. ఈసారి కిటికీ తెరుచుకుంది. ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. నల్ల తెర మీద సన్నటి గీత సగం దాకా పాకి ఆగిపోయింది. ఇంకో మాట వచ్చింది. నిద్రపుచ్చిన స్థితి పాడైంది, లేపలేను, దాన్ని పారేయమంటారా అని అడుగుతోంది.

నేను "పారేయి" మీద నొక్కబోయాను. ఆమె గభాలున నా మణికట్టు పట్టుకుంది. అన్నేళ్ళలో ఆమె నన్ను ముట్టుకోవడం అదే మొదలు. వెంటనే చెయ్యి తీసేసి, "పారీడమేటి అన్నియ్యా? ఆయన రాసింది పోతాదా?" అంది.

"పోదమ్మా. ఆయన రాసింది డిస్కులో ఉంది. ఇది శనివారం నాటి సగం నిద్ర, అంతే."

"మీకు ఖాయంగా తెలుసా?"

తెలుసనే అనుకున్నాను. కానీ ఆ మొహం చూశాక ఆ మాట అనలేకపోయాను. "ముందు డిస్కు ఫైలుని సీడీలోకి కాపీ తీద్దాం. ఏదైనా అయితే అది ఉంటుంది," అన్నాను.

మొదటి సీడీ సగంలో పాడైంది. రెండోది పెట్టాను. దాదాపు అరగంట పడుతుంది. చీటీలు రాసేవాడు బయట బల్ల వేసుకుని కూర్చున్నాడు, గదిలో మేమిద్దరమే.

"ప్రోగ్రాం పోయినా ఉద్యోగానికేం కాదమ్మా. ఎలాగూ కొత్త సాఫ్ట్‌వేర్ తెప్పిస్తామంటున్నారు. ఎందుకంత భయం?" అన్నాను.

ఆమె గది కిటికీలోంచి లారీల వైపు తిరిగింది. తర్వాత మెల్లిగా అంది. "అన్నియ్యా, రోజూ మూసేటప్పుడు అది నన్ను ఇంటికెల్లమంటాది. అన్నం సల్లారిపోతాదంటాది. అది అలగే తెర మీద ఉంచి నిద్దరపుచ్చుతాను. తెల్లారి లేపితే మొదట అదే కనపడతాది."

తీసేశానన్నాడు కదా!

"ఆ మాటలు ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయి. లారీయా సైకిలా అంటాది. మొదట్లో తప్పులు కొట్టి భయపడతంటే అదే నవ్వించీది. తరవాత తరవాత తప్పులు రావడం మానీసినాయి. అప్పుడు..." తల వంచుకుంది. "అప్పుడు నానే కావాలని కొడతన్నాను. రోజుకొకటి. చీటీ ఎయ్యకుండా దిద్దీస్తాను, ఎవులికీ నష్టం నేదు. మీరు ఏటనుకోకండి."

నేనేమనుకుంటాను! మూడు వారాలు ఆసుపత్రిలో చూసిన ఆ పసుపు పచ్చ మొహమే ఇన్నేళ్ళూ నాకు గుర్తొచ్చేది. అంతకుముందున్న మనిషి జ్ఞాపకం చేసుకుందామన్నా వచ్చేవాడు కాదు. ఆమెకి మాత్రం ఆయన రోజూ నవ్విస్తూనే ఉన్నాడు. నేను దాన్ని ఇంకో కంప్యూటర్‌లోకి మార్చాను, రంగులు సరిచేశాను, ప్రింటరు కలిపాను. ఒక్కసారి కూడా అందులో తప్పు బరువు కొట్టి చూడలేదు. సాయంత్రం మూసేటప్పుడు పక్కన నిలబడలేదు. తెలిసి ఉంటే నేనూ వచ్చేవాణ్ణి. ఆ కుర్చీలో కూర్చుని తప్పు కొట్టి, ఒక్కసారి తిట్టించుకుని వెళ్ళేవాణ్ణి.

సీడీ పూర్తయింది. తీసి ఆమె చేతికిచ్చాను. ఆమె రెండు చేతుల్తో పట్టుకుని, "ఊ, నొక్కండి," అంది.

పారేయి అన్న మీట నొక్కాను. కిటికీ మూసుకుని మళ్ళీ తెరుచుకుంది. ఈసారి మెషిన్ నిద్రలోంచి లేవలేదు, మొదట్నించీ మొదలైంది. జ్ఞాపకశక్తి ఎంతుందో అంకెలు లెక్కపెట్టుకుంది. తెల్ల అక్షరాలు రెండు వరసలు వచ్చాయి. కర్సరు మిణుకుమిణుకుమంటూ నిలబడింది. ఆయన పెట్టిన రెండక్షరాల పేరు కొట్టగానే ప్రోగ్రాం తెరుచుకుంది. శనివారం నాటి చివరి చీటీ నంబరు చెక్కు చెదరలేదు. ఆమె వంగి, నిలబడే, లారీ బరువు దగ్గర రెండంకెలు మాత్రం కొట్టింది.

"ఇది లారీయా, సైకిలా? సరిగ్గా సూడు బావా."

పదిహేనేళ్ళ నాటి గొంతు చెవిలో పడ్డట్టయింది. ఆమె నవ్వింది. నేను బయటికి వెళ్ళి కుళాయి దగ్గర మొహం కడుక్కుని వచ్చాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమెతో అన్నాను. "ప్రోగ్రాం ఫైలు తెరిస్తే, పిచ్చి గుర్తుల మధ్య ఆయన రాసిన మాటలన్నీ కనిపిస్తాయమ్మా. నువ్వు చూడనివి కూడా ఉంటాయి. అన్నీ అచ్చు తీసి ఇవ్వనా?"

ఆమె చటుక్కున తల అడ్డంగా ఊపింది. "వద్దు అన్నియ్యా. అన్నీ ఒక్కసారే సదివీస్తే ఇంక మిగిలేదేటి? వచ్చినప్పుడు వస్తాయి, ఒగ్గీండి."

ఆమెకి చెప్పలేదు కానీ, నేను ఆగలేకపోయాను. నా గదికి వెళ్ళి ఆ ఫైలు తెరిచాను. నాకు తెలిసినవి కాక మరో నాలుగున్నాయి. ప్రింటరులో కాగితం అయిపోతే ఒకటి. తారీకు తప్పు పెడితే ఒకటి. ఒకటి మేనేజరు గురించి, అది ఇక్కడ రాయను. నాలుగోది వరస నంబరు లక్షకి చేరితే రావలసినది. నంబరుకి అయిదంకెల చోటే పెట్టాడు కాబట్టి, లక్ష దగ్గర మళ్ళీ ఒకటి నుంచి మొదలవ్వాలి. అప్పుడు కూర్చున్నవాడు కంగారు పడకుండా ముందే చెప్పిపెట్టాడు. ఆ రోజుకి నంబరు తొంభై ఎనిమిది వేల చిల్లర నడుస్తోంది.

కరెంటు పోయిన సంగతి మేనేజరు దాకా వెళ్ళింది. "ఇంకా ఎన్నాళ్ళయ్యా ఆ పాత బండి? కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చేసింది కదా, ఒకటో తారీకు నుంచి పెట్టెయ్," అన్నాడు. వేరే పనులు అడ్డం పడి రెండు నెలలు గడిచాయి. చివరికి ఫలానా సోమవారం అని గట్టిగా చెప్పాడు. నేను కాటా గదికి వెళ్ళి నంబరు చూశాను. లక్షకి ఇంకా రెండొందల చీటీల దాకా ఉంది. రోజుకి పాతిక చీటీలు.

నా ఉద్యోగంలో అప్పటిదాకా పైవాళ్ళతో అబద్ధం ఆడలేదు. ఆ రోజు ఆడాను. కొత్త సాఫ్ట్‌వేర్ మన ప్రింటరుతో సరిగ్గా కలవడం లేదు సార్, పది రోజులు పడుతుంది అన్నాను. మేనేజరు విసుక్కుని సరేనన్నాడు. అదే రకం ప్రింటరు ఒకటి అప్పటికే దానితో చక్కగా కలిసి, నా బల్ల పక్క పనిచేస్తూనే ఉంది. దాని మీద గుడ్డ కప్పాను.

ఆ పది రోజులూ లారీలు నెమ్మదిగా వస్తున్నట్టనిపించింది. ఒకరోజు ఓడ ఆలస్యమై పదకొండు చీటీలే అయ్యాయి. వర్షానికి ఒక పూట పోయింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం మూడు గంటలకి, ఏదో వైరు చూడాలని వంక పెట్టుకుని కాటా గదికి వెళ్ళాను. తెర మీద 99,997. ఆమె ఎప్పటిలాగే పని చేసుకుంటోంది. ఒక లారీ దిగింది, ఇంకోటి ఎక్కింది. 99,999 చీటీ చింపి ఇచ్చింది. తర్వాతి లారీ ఎర్ర ధూళి కక్కుకుంటూ వచ్చి పలక మీద నిలబడింది. నంబరూ బరువులూ కొట్టింది. తెర ఒక్కసారి నల్లబడి, మధ్యలో అక్షరాలు వచ్చాయి.

"లచ్చ అయిపోనాది బావా! ఇంత దూరం వస్తాదనుకోనేదు. ఇప్పుడు కుర్సీలో ఎవులున్నారో గానీ, ఓ టీ తాగీసి రా. మల్లీ ఒకటి నించి."

ఆమె పెదవులు కదుపుతూ చదివింది. మళ్ళీ మొదట్నించి చదివింది. కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించి, బాగా లోగొంతుకతో, "నానున్నాను," అంది.

నాతో కాదు. నేను గోడ వైపు తిరిగి, లేని వైరు వెతుకుతున్నాను.

బయట డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని మీట నొక్కింది. ప్రింటరు గరగరమని చీటీ తీసింది. చింపి కిటికీలోంచి అందించి, నా వైపు చూసింది.

"మీకు తెలుసు కదా అన్నియ్యా?"

"తెలుసమ్మా."

"ప్రింటరు కలవకపోడం అందుకేనా?"

ఆమె లేచి, "పదండి. టీ తాగమన్నారు కదా," అంది. వెనక నాలుగు లారీలు ఆగి ఉన్నాయి. గేటు పక్క బడ్డీకి వెళ్ళి ఇద్దరం నిలబడి టీ తాగాం. డ్రైవర్లు హారన్లు కొడుతూనే ఉన్నారు. ఆ పది నిమిషాల్లో ఆమె పెళ్ళైన కొత్తలో ఆయన రైలు తప్పిపోయి ఎలమంచిలి నుంచి లారీ మీద ఇంటికొచ్చిన కథ చెప్పింది. అంత గట్టిగా ఆమె నవ్వడం నేను ఎప్పుడూ వినలేదు.

కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టాక ఆమె రెండు రోజుల్లో నేర్చేసుకుంది. తప్పు కొడితే ఎర్ర గీతల మధ్య ఒకటే ఇంగ్లీషు మాట వస్తుంది, ఏ తప్పుకైనా అదే. సీడీ వాళ్ళింట్లో బీరువాలో ఉంది. ఇంట్లో కంప్యూటర్ లేదు. కొన్నప్పుడు చెప్పమ్మా, నేనొచ్చి పెడతాను అన్నాను. రెండేళ్ళ తర్వాత కూతురి చదువుకని కొన్నారు. ఆమె పిలవలేదు, నేను గుర్తు చేయలేదు. కాగితం అయిపోయినప్పటి మాట, తారీకు తప్పినప్పటి మాట ఆమె చూసిందో లేదో నాకు తెలియదు. ఆదివారం పొద్దున్న అరుగు మీద పేపరు చదువుతూ, ఒక్కోసారి వాటిని ఒక్కణ్ణే ఆయన యాసలో పైకి అనుకుంటాను. నాకు ఆ యాస సరిగ్గా రాదు.